శరభ 450 మీద ఏకాభిప్రాయం

విశాఖపట్నానికి వచ్చిన మొట్టమొదటి శరభ 450 తన తొలి మూడు కిలోమీటర్లూ ఇంజను ఊసే లేకుండా, మనిషి తోస్తే వెళ్ళింది.

కొండలెక్కడానికీ వాగులు దాటడానికీ పుట్టిన బండి అది. రెండొందల కిలోల బరువు, కొంగలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, రెండు పక్కలా సామాన్ల పెట్టెలు బిగించుకునే ఏర్పాటు. దాన్ని ద్వారకానగర్ షోరూము నుంచి సీతమ్మధార మిట్ట దాకా గొర్లె జగదీష్ చెమటలు కక్కుతూ తోశాడు. పెళ్ళయి సరిగ్గా అరవై మూడు రోజులైన అతని భార్య రవళి ఒక చేత్తో పట్టుచీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో కొత్త హెల్మెట్ పట్టుకుని పక్కనే నడిచింది. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల్ని కూడా తోసే తొక్కించారు. అలా తొక్కించినదానికి దిష్టి పోతుందో పోదో ఆమెకు అనుమానంగానే ఉంది.

దారిలో ఒక కొబ్బరిబొండాల ఆసామి ఆగి అడిగాడు.

"పెట్రోలు అయిపోయిందా బాబూ?"

"లేదండీ, నిండుగా ఉంది."

"పాడయిపోయిందా?"

"లేదండీ. కొత్తది. ఇప్పుడే తీసుకున్నాం."

"మరెందుకు తోస్తున్నావ్?"

"రూలండీ," అన్నాడు జగదీష్.

ఆసామి అర్థమైనట్టు తలూపాడు. మన దేశంలో ఆ ఒక్క మాట చెప్తే ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆ రూలు తూర్పుతీర సాహస ద్విచక్ర వాహనదారుల సంఘం వారిది. పేరు మొత్తం వేస్తే చొక్కా వీపు చాలదని సభ్యులు దాన్ని తూసాద్వివాసం అని పిలుచుకుంటారు. సభ్యులు నలభై ఒక్కమంది. జగదీష్ తొమ్మిదేళ్ళుగా పదిహేడో నంబరు సభ్యుడు. ఊరికి వచ్చే మొదటి శరభను కంపెనీవాళ్ళు సంఘానికి కేటాయించారు. లాటరీలో అది జగదీష్ పేరు మీద వచ్చింది. ఆ సంబరంలో అతను ఒక హామీపత్రం మీద చదవకుండా సంతకం పెట్టేశాడు.

అందులో ఉన్నది పద్నాలుగో రూలు. దానికో కథ ఉంది. మూడేళ్ళ క్రితం ఏదో కొత్త బండి బాగుందా లేదా అన్న చర్చలో సంఘం రెండుగా చీలింది. సగం మంది కుర్చీలతో సహా వెళ్ళిపోయారు. ఇంకోసారి అలా జరగకూడదని, ఏ కొత్త బండి మీదనైనా సంఘానికి ఒకే అభిప్రాయం ఉండాలని తీర్మానించారు. ఆ ఒకే అభిప్రాయం తేలేవరకూ బండి సీతమ్మధార మిట్ట మీది సంఘం హాల్లో ఉండాలి, తాళాలు కార్యదర్శి గారి రేకుపెట్టెలో ఉండాలి. ఇక ఆ రూలుకు గుండెకాయ లాంటి ఉపనిబంధన ఒకటుంది: బండిని నడిపిన వ్యక్తికి దానిపై రాగమో ద్వేషమో కలుగుట సహజము గావున, నడిపినవారు అభిప్రాయము చెప్పుటకు అనర్హులు.

అంటే బండి ఎలా ఉందో బండి ఎక్కనివాళ్ళే చెప్పాలి.

రవళికి ఈ సంగతంతా మిట్ట సగం ఎక్కాక తెలిసింది. ఆమె ఆగిపోయింది.

"మరి మన అరకు?"

"వారంలో తేలిపోతుందిలే," అన్నాడు జగదీష్ రొప్పుతూ. "చిన్న ఫార్మాలిటీ."

అరకు సంగతి చిన్నది కాదు. పెళ్ళిచూపుల్లో మాట్లాడుకోమని ఇద్దర్నీ డాబా మీదికి పంపినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక జగదీష్ అన్నాడు: "నవంబరులో అరకులో వలిసె పూలు పూస్తాయండీ. కొండంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. బండి మీద వెళ్తుంటే రెండు పక్కలా అదే." అప్పటిదాకా మూడు సంబంధాలకు వంకలు పెట్టిన రవళి కిందికొచ్చి సరే అంది. వాళ్ళమ్మ ఉద్యోగం చూసి ఒప్పుకుందనుకుంది. నిజానికి ఆ పసుపు చూసి ఒప్పుకుంది.

ఇప్పుడు నవంబరు ఇరవై మూడు. డిసెంబరు పద్దెనిమిదిన రవళి గుంటూరు కాలేజీలో లెక్చరరుగా చేరాలి. చేరాక వేసవి సెలవుల దాకా కదలడానికి లేదు. అప్పటికి పూలెక్కడివి? గింజలు గానుగాడేసి నూనె కూడా తీసేసి ఉంటారు.

*

మరుసటి ఆదివారం ఉదయం సర్వసభ్య సమావేశం. బండిని హాలు మధ్యలో నిలబెట్టి, ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ పెళ్ళిపందిట్లో మిగిలిన తాడు కట్టారు. సందర్శకుల బల్ల మీద రవళి ఒక్కతే కూర్చుంది.

కార్యదర్శి పేరి సూర్యప్రకాశం గారు లేచారు. ప్రభుత్వ నీటిపారుదల శాఖలో ముప్ఫై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషి. నిష్పాక్షికత కోసం, పదవి చేపట్టిన రోజునే తన సొంత బండి అమ్మేశారు.

"ప్రస్తుత విషయమై సభ్యులు తమ తమ అభిప్రాయములను రాగద్వేషరహితముగా, ఇదివరకే అందజేసిన నమూనా పత్రములో మాత్రమే తెలియజేయవలసినదిగా కోరడమైనది," అన్నారాయన.

పత్రంలో మూడే గళ్ళు ఉన్నాయి. అ: బాగున్నది. ఆ: బాగులేదు. ఇ: పాతదే నయము.

"సెక్రటరీ గారూ, ఇది సరికొత్త మోడలు కదా. దీనికి పాతది ఏది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏదైనా పాతదే," అన్నారు సూర్యప్రకాశం గారు.

లెక్క తీస్తే 'అ'కు పద్నాలుగు, 'ఆ'కు పదమూడు, 'ఇ'కి పద్నాలుగు వచ్చాయి. హాలు గుప్పున లేచింది.

"సీటు చూశారా? నిచ్చెన వేసుకుని ఎక్కాలి," అన్నాడు పళ్ళ డాక్టరు ఇందుశేఖర్. ఆయన ఐదడుగుల రెండంగుళాలు.

"నీకు నిచ్చెనేమో, నాకు మోకాళ్ళు గెడ్డానికి తగుల్తాయి," అన్నాడు బ్యాంకు మేనేజరు బలరామ్. ఆయన ఆరడుగుల రెండు.

"స్పోకుల చక్రాలేమిటండీ ఈ రోజుల్లో? పంక్చరయితే దేవుడే దిక్కు."

"స్పోకులు లేకపోతే రాళ్ళల్లో చక్రం అప్పడమైపోద్ది. నీకేం తెలుసు, నువ్వు బీచ్ రోడ్డు దాటి వెళ్ళావా ఎప్పుడైనా?"

"నువ్వు వెళ్ళావా?"

ఇద్దరూ వెళ్ళలేదు. అందుకే ఇద్దరూ అంత గట్టిగా మాట్లాడగలిగారు.

సూర్యప్రకాశం గారు చెయ్యెత్తారు. "డాక్టరు గారి ఎత్తూ మేనేజరు గారి ఎత్తూ కలిపి రెండుతో భాగించగా, సీటు సరిగ్గా సరిపోవుచున్నది. కావున సీటు విషయమై ఏకాభిప్రాయం కుదిరినట్లు నమోదు చేయడమైనది. తదుపరి అంశం, చక్రములు."

రవళికి ఉండబట్టలేదు. "ఎవరైనా ఒక్కసారి తోలి చూస్తే తెలిసిపోతుంది కదండీ!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. గుళ్ళో చెప్పులతో అడుగుపెట్టినదాన్ని చూసినట్టు చూశారు. అధ్యక్షులు భాస్కర పట్నాయక్ గారు మాత్రం దయగా నవ్వారు. పదకొండేళ్ళుగా ఏ బండీ ముట్టని మనిషి ఆయన. ఆ అర్హత వల్లే వరసగా నాలుగుసార్లు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

"అమ్మాయీ, తోలినవాడు బండిని ప్రేమిస్తాడు. లేకపోతే తిట్టుకుంటాడు. రెండూ న్యాయం కాదు."

"కూర రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందో లేదో ఎలా చెప్తారండీ?"

"అందుకే మా ఇంట్లో నేను ఉప్పు గురించి ఎప్పుడూ మాట్లాడనమ్మా," అన్నారు పట్నాయక్ గారు. "ముప్ఫై రెండేళ్ళ కాపురం."

ఆ రోజు తొమ్మిదిమందితో ఒక పరిశీలక సంఘాన్ని వేశారు. సొంత బండి మీద మమకారం తీర్పుకు అడ్డురాకూడదు కనుక, ఆ తొమ్మిదిమందీ పని ముగిసేదాకా తమ బళ్ళు కూడా నడపకూడదని తీర్మానించారు. ఆ సాయంత్రం నుంచి తూర్పుతీర సాహస ద్విచక్ర వాహనదారుల పరిశీలక సంఘం యావత్తూ షేరింగ్ ఆటోల్లో తిరగసాగింది.

*

పరిశీలన నాటికి రవళి జంతికలు చేసి పట్టుకెళ్ళింది. కడుపు నిండితే తొందరగా తేలుస్తారని ఆశ. గుమ్మంలోంచి ఆ దృశ్యం చూడగానే తన పెళ్ళిచూపులే గుర్తొచ్చాయి. తొమ్మిదిమంది కుర్చీలు వేసుకుని, తాడు ఇవతల వరసగా కూర్చుని, తలలు ఒకపక్కకు వాల్చి చూస్తున్నారు.

"ముక్కు కొంచెం పొడుగు."

"ముక్కు పొడుగైతే కళగానే ఉంటుందండీ. రంగే కాస్త..."

"ఫొటోలో బాగుంది. ఎదురుగా అంత లేదు."

"పొడుగు పిల్ల... అదే, పొడుగు బండి. చిన్న సందుల్లో తిరగదు."

రవళి జంతికల డబ్బా బండి ముందు పెట్టి, దాని ట్యాంకు మీద మెల్లగా తట్టింది. "ఓర్చుకో. నన్నూ ఇలాగే అన్నారు," అని గొణిగింది.

తర్వాత శబ్ద పరిశీలన. ఇంజను స్టార్టు చెయ్యడం నడపడం కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో స్పష్టత లేదు. కనుక ఆ బాధ్యత డాక్టరు ఇందుశేఖర్ తీసుకున్నాడు. ఇంటర్నెట్లో చూసి సాధన చేసి వచ్చాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, పళ్ళు బిగించి, "డుగ్గు డుగ్గు డుగ్గు డుగ్గు" మొదలెట్టాడు. చేత్తో గేరు మార్చాడు. "డగడగడగడగ... డ్ర్ర్ర్ర్..." మొహం ఎర్రబడింది. బలరామ్ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"మూడో గేరులో ఏదో దగ్గులాంటిది వినిపించింది," అని సూర్యప్రకాశం గారు రాసుకున్నారు.

"అది దగ్గేనండీ," అన్నాడు డాక్టరు, మంచినీళ్ళు అందుకుంటూ.

"ప్రస్తుతానికి లోపముగా నమోదు చేయడమైనది. అభ్యంతరములుండిన లిఖితపూర్వకముగా తెలుపగలరు."

గోడవారగా కూర్చున్న సన్యాసిరావు నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. అతను సంఘం మెకానిక్కు, హాలుకూ అందులోని రేకుపెట్టెకూ కాపలా కూడా అతనే. ఆ ఊళ్ళో బండి గురించి నిజంగా తెలిసిన మనిషి అతనొక్కడే కనుక అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

వెళ్ళేటప్పుడు మాత్రం అతను రవళి పక్కకొచ్చి అన్నాడు: "బండంటే రోడ్డు మీద తిరగాలమ్మా. ఇలా కట్టీసి కూకోబెడితే ఏటవుతాది? గేదె కూడా ఊరుకోదు."

*

డిసెంబరు వచ్చింది. రవళి రోజూ ఫోన్లో అరకు ఫొటోలు చూస్తోంది. పసుపు అక్కడక్కడా పలచబడుతోంది. హెల్మెట్ మాత్రం వృథా కాలేదు. ఒకరోజు మిరపకాయల పోపు పెట్టేటప్పుడు సరదాకి తలకు పెట్టుకుంటే ఘాటు తగల్లేదు. అప్పట్నుంచి రోజూ హెల్మెట్ పెట్టుకునే వంట చేస్తోంది. జగదీష్ ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లో హెల్మెట్ పెట్టుకున్న భార్యను చూసి మొదటిరోజు హడిలిపోయాడు, రెండోరోజు నవ్వాడు, మూడోరోజు తప్పు చేసినవాడిలా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్కరోజు అనుమతి ఇవ్వమని అర్జీ పెట్టు," అంది రవళి, అద్దం పైకెత్తి. నలుగురిలో 'మీరు' అనే మొగుణ్ని ఇంట్లో 'నువ్వు' అనడం ఆమెకు ఇంకా కొత్తగా, తియ్యగా ఉంది. అందుకని కోపంలో కూడా ఆ మాటను కాస్త సాగదీసి అంటుంది.

అర్జీ పెట్టాడు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అర్జీని వెనుకసీటు ఉపసంఘానికి పంపడమైనదనీ, ఆదివారం ఉదయం పది గంటలకు అర్జీదారు సతీసమేతంగా, ప్రయాణానికి సిద్ధమై హాజరు కావాలనీ ఉంది.

ప్రయాణానికి సిద్ధమై! రవళి ఆ రెండు మాటలు నాలుగుసార్లు చదివింది. సంచీ సర్దింది. పులిహోర కలిపింది. జడలో కనకాంబరాలు పెట్టుకుని, హెల్మెట్‌లో నలిగిపోతాయని తీసేసి, మళ్ళీ పెట్టుకుంది.

హాల్లోకి వెళ్ళేసరికి బండి తాడులోపలే ఉంది. సెంటర్ స్టాండ్ మీద. దాని ముందు ఒక పెద్ద ఫ్యాను.

"కూర్చోండి," అన్నారు సూర్యప్రకాశం గారు.

ఇద్దరూ కూర్చున్నారు. ఫ్యాను మూడో నంబరులో పెట్టారు. బలరామ్ బండిని ఒకపక్క నుంచి, ఇంకొక సభ్యుడు ఇంకొక పక్క నుంచి పట్టుకుని ఊపసాగారు.

"ఇది శృంగవరపుకోట దాకా చదునైన రోడ్డు," అని కార్యదర్శి గారు గడియారం చూసి ప్రకటించారు. "ఇక ఘాట్ రోడ్డు."

ఇద్దరూ గట్టిగా ఊపారు. "ఎడమ మలుపు! కుడి మలుపు! హెయిర్‌పిన్ మలుపు!" డాక్టరు ఇందుశేఖర్ పక్కనుంచి "డ్ర్ర్ర్ర్" అందుకున్నాడు. ఎవరో మగ్గుతో నీళ్ళు చిలకరించారు. అనంతగిరి దగ్గర చిరుజల్లట.

"వెనుకసీటువారు, నడుము నొప్పి ఉన్నదా?"

"లేదండీ," అంది రవళి, ఒళ్ళో పులిహోర డబ్బా పట్టుకుని. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తలనొప్పి?"

"ఇప్పుడే మొదలైందండీ."

చివర్లో ఒక సభ్యుడు ఆమె ఎదుట పసుపు రంగు దుప్పటి ఒకటి పరిచి పట్టుకున్నాడు. కార్యదర్శి గారు గడియారం ఆపి, కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి ఆమె చేతికిచ్చారు. 'అర్జీదారులు విశాఖపట్నం నుండి అరకు వరకు నూట పదిహేను కిలోమీటర్ల ప్రయాణమును సురక్షితముగా పూర్తిచేసినట్లు ధ్రువీకరించడమైనది. కావున అర్జీ పరిష్కరించబడినది.'

రవళి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పడేసింది. ఇంటికొచ్చాక పులిహోర డబ్బా బల్ల మీద పెట్టి, మొగుడివైపు తిరిగింది.

"నువ్వు పెళ్ళి చేసుకుంది నన్నా, పద్నాలుగో రూల్నా?"

"నిన్నే. కానీ తొమ్మిదేళ్ళ సంఘం రవళీ... సంతకం పెట్టాను..."

"నాకూ పెట్టావ్, రిజిస్ట్రారు ఆఫీసులో. అది కూడా చదవకుండానే పెట్టావా?"

జగదీష్ పులిహోర డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "పద్నాలుగో తారీఖు ఆఖరి సమావేశం. ఆ రోజు తేల్చకపోతే రాజీనామా ఇచ్చేస్తా, తాళాలు లాక్కుని వస్తా," అన్నాడు. లాక్కోవడం అనే మాట అంటున్నప్పుడు మాత్రం, కార్యదర్శి గారు వింటారేమో అన్నట్టు తలుపు వైపు చూశాడు. దానికే రవళి కరిగిపోయి చల్లారిన పులిహోర ఇద్దరికీ వడ్డించింది.

*

డిసెంబరు పద్నాలుగు. మూడు వారాల కృషి తర్వాత తయారైన ముసాయిదా తీర్మానాన్ని సూర్యప్రకాశం గారు చదువుతున్నారు.

"శరభ 450 అను వాహనము బాగున్నదనియు, బాగుండక పోలేదనియు, పాతది నయమైనప్పటికీ కొత్తది కొత్తదే అనియు సంఘము ఏకాభిప్రాయముతో..."

"బాబూ," అంటూ సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

"తీర్మానం చదువుతున్నాను కదా, కూర్చోవయ్యా."

"కూకుంటాను బాబూ. ఒక్కమాట సెప్పీసి. బండికి ఫస్టు సర్వీసు సెయ్యాల. ఐదొందల కిలోమీటర్లకి సెయ్యాలి కదా, ఆరొందలు దాటిపోనాది. ఆయిలు మార్చకపోతే ఇంజను పాడయిపోద్ది, తరవాత నన్నంటారు."

ఆ మాట ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. రవళికి అయింది. ఆమె సందర్శకుల బల్ల మీంచి లేచి, కార్యదర్శి గారి ముందున్న రేకుపెట్టెలోంచి తాళం తీసుకుని, తాడు కిందనుంచి దూరి, బండికి పెట్టి తిప్పింది. మీటరు వెలిగింది.

"ఆరువందల పద్నాలుగు," అని గట్టిగా చదివింది. "తోసుకొచ్చినవి మూడు తీసేస్తే ఆరువందల పదకొండు."

హాల్లో సూది పడితే వినిపించేలా ఉంది. సూది పడలేదు కానీ డాక్టరు ఇందుశేఖర్ చేతిలోంచి పెన్ను పడింది.

"సన్యాసిరావ్," అన్నారు కార్యదర్శి గారు. "ఈ బండి ఎవరు నడిపారు?"

"నానేటి సెప్పేది బాబూ? తెల్లారగట్ల ఒకలొచ్చి, ఇంజను బిగుసుకుపోద్ది, ఓపాలి తిప్పీసి తెస్తానన్నారు. మరునాడు ఇంకొకలు. అందరూ అదే మాట. సెప్పొద్దన్నారు. నాను సెప్పలేదు. మీటరు సెప్పీసింది."

"నేను భీమిలి దాకానే వెళ్ళాను!" అని బలరామ్ లేచాడు. "రెండుసార్లే! మోకాళ్ళు తగల్లేదు, అదే ఆశ్చర్యం. అసలా సీటు..."

"నేను సింహాచలం కొండ," అన్నాడు డాక్టరు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. "సెక్రటరీ గారూ, మూడో గేరులో దగ్గు లేదు. ఆ దగ్గు నాది. కొట్టేయండి దాన్ని!"

"బ్రేకు మాత్రం దరిద్రం!"

"నీకు పట్టుకోవడం రాక!"

"రారా, పద, ఇప్పుడే చూపిస్తా!"

మూడు వారాలుగా లేని ప్రాణం హాలులోకి వచ్చేసింది. చెవిలో పడిన గాలి గురించీ, మలుపులో ఒరిగినప్పుడు కడుపులో కలిగిన గుబులు గురించీ, గుంతలో పడినప్పుడు తెలియకపోవడం గురించీ అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరి అభిప్రాయమూ ఎవరితోనూ కలవడం లేదు. పట్నాయక్ గారు కూడా తల దించుకుని, తాను నడపలేదనీ, వెనక కూర్చున్నాననీ, కానీ రెండుసార్లు "ఇంకా స్పీడుగా పోనీ" అన్నాననీ ఒప్పుకున్నారు.

సూర్యప్రకాశం గారు బల్ల మీద చరిచారు. "నిబంధన ప్రకారము నడిపినవారూ, వెనుక కూర్చున్నవారూ, అరకు ప్రయాణ ధ్రువపత్రము పొందిన జగదీష్ గారూ, అందరూ అనర్హులు! ఇంకెవరైనా ఉన్నారా నడపనివారు?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"అయితే నేనొక్కడినే. నా అభిప్రాయమే సంఘం ఏకాభిప్రాయము." ఆయన నమూనా పత్రం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు. పెన్ను 'అ' మీదికి వెళ్ళింది. అక్కణ్నుంచి 'ఆ' మీదికి. 'ఇ' మీద కాసేపు ఆగింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఏ కాగితం ముందూ పట్టని చెమట.

"ఏమీ తెలియడం లేదు," అన్నారు నెమ్మదిగా. అది ఆఫీసు భాష కాదు.

రవళి తాళం ఆయన ముందు పెట్టింది. "ఒక్క చుట్టు తిరిగి రండి, సెక్రటరీ గారూ. ఈ వీధి చివరిదాకా."

"స్టార్టగునో లేదో పరిశీలించుటకు మాత్రమే," అన్నారాయన లేస్తూ. నమూనా పత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తాడు విప్పారు. బండి మెట్ల పక్కనున్న వాలు మీదుగా దిగింది. శబ్దం వీధి చివరిదాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. తగ్గింది. ఆగిపోయింది.

పదినిమిషాలు చూశారు. ఇడ్లీలు తెప్పించుకుని తిన్నారు. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పన్నెండయింది. జగదీష్ వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చాడు. "ఆస్పత్రుల్లో వాకబు చేద్దామా?" అన్నాడు. రెండింటికి రవళి ఫోను మోగింది.

"అమ్మా రవళీ, నేను సూర్యప్రకాశాన్ని. అరకులో ఉన్నాను."

"అరకులోనా! ఎలా వెళ్ళారండీ?"

"మొదట వీధి చివరిదాకానే అనుకున్నాను. అక్కడ సిగ్నలు పచ్చగా ఉంది. పెందుర్తిలో వెనక్కి తిరుగుదామనుకున్నాను. శృంగవరపుకోటలో టీ తాగి కచ్చితంగా తిరిగిపోదామనుకున్నాను." కాస్త ఆగారు. "అమ్మా, పూలు ఇంకా ఉన్నాయి. కిందివైపు కోసేశారు, పైన రెండు మడులు మిగిలాయి. నాకు ఒళ్ళంతా నొప్పులు, దిగి రాలేను. మీరిద్దరూ రేపు పొద్దుటి రైలుకి వచ్చి బండి తీసుకెళ్ళండి."

*

సోమవారం జగదీష్ సెలవు పెట్టాడు. రైలు సొరంగాల్లో దూరినప్పుడల్లా పెట్టెలోని పిల్లలు కేకలు పెట్టారు. రవళి కూడా పెట్టింది.

సూర్యప్రకాశం గారు ఊరి బయట మట్టిరోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాకు ఎర్రమట్టి. జుట్టు ఎటుబడితే అటు లేచి ఉంది. ఆయన వెనక పసుపు. ఫోన్లో చూసిన పసుపు కాదు. గాలి వీచినప్పుడు అటంతా వంగి, మళ్ళీ లేచే పసుపు. రవళి నిలబడిపోయింది. జగదీష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు, కార్యదర్శి గారు చూస్తారని వదిలేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

ఆయన తాళం, దానితోపాటు మడిచిన నమూనా పత్రం ఆమె చేతిలో పెట్టారు.

"నేనూ అనర్హుణ్నయిపోయానమ్మా. ఇక ఈ బండి గురించి చెప్పడానికి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఫైలు మూసెయ్యాలి."

"ఇదేంటండీ?"

"దారిలో ఆగి రాద్దామనుకున్నాను. వృత్తి అలవాటు."

రవళి మడత విప్పింది. అ, ఆ, ఇ గళ్ళు ఖాళీగా ఉన్నాయి. కింద, రిమార్కులు అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలు. 'మొదటి మలుపులో భయమేసినది. రెండవ మలుపులో అరిచితిని. ఎవరూ వినలేదు కావున మరల అరిచితిని. మూడవ మలుపు...' అక్కడితో ఆగిపోయింది.

"మూడో మలుపు దగ్గర ఏమైందండీ?"

"ఆగి రాయబుద్ధి కాలేదు," అన్నారాయన సిగ్గుపడుతూ.

జగదీష్ బండి మీద కూర్చుని మీట నొక్కాడు. ఇంజను అందుకుంది. రవళి వెనక ఎక్కింది, పట్టుకోవడానికి బండికి కమ్మీ ఉన్నా దాన్ని పట్టుకోలేదు. మట్టిరోడ్డు మడుల మధ్యకి దిగింది. రెండు పక్కలా పసుపు ఆమె మోకాళ్ళకు తగులుతూ, పుప్పొడి చీర మీద రాలుతూ, ముందున్న కొండ దాకా ఒకటే పరుగు.

"ఎలా ఉంది?" అని జగదీష్ తల వెనక్కి తిప్పి అరిచాడు.

చెప్పాలని రవళి హెల్మెట్ అద్దం ఎత్తి నోరు తెరిచింది. నోటి నిండా గాలి నిండిపోయింది. మాట రాలేదు. నోరు మూసే తీరిక కూడా లేక, అలాగే నవ్వుతూ కూర్చుంది.